విన్నవాళ్ళకే నీళ్ళు

ఆ ఏడు ఎలుగులేరు డ్యాములో నీళ్ళున్నాయి. డ్యాము కింద మళ్ళలో నీళ్ళు లేవు. రెంటికీ మధ్య ఒక రూలు ఉంది.

రూలు చెడ్డదేం కాదు. అంతకు ముందు ఏడాది ఇంకెక్కడో, ఇంకేదో డ్యాము వాళ్ళు చెప్పాపెట్టకుండా గేట్లెత్తేశారు. ఏట్లో ఉతుకుతున్నవాళ్ళు ఒళ్ళు దక్కించుకుని ఒడ్డెక్కారు గాని, ఊరి బట్టలన్నీ సముద్రం పాలయ్యాయి. ఊరు ఊరంతా కొన్నాళ్ళపాటు దుప్పట్లు చుట్టుకు తిరిగింది. దాంతో పైవాళ్ళకి సిగ్గేసి ఒక ఉత్తర్వు వేశారు. ఇకమీదట ఏ డ్యాము గేటు ఎత్తినా ముందు సైరను మోగించాలి, "దిగువనున్న ప్రతి వ్యక్తియు సదరు సైరనును వినినట్లు ధ్రువపడిన మీదటనే నీటిని విడువవలెను." బంగారంలాంటి ఉత్తర్వు. బంగారు కత్తి అని మెడ కోసుకుంటామా అని పెద్దలు అడిగారు గాని, ఆ ప్రశ్న ఆఫీసులదాకా వెళ్ళినట్టు లేదు.

డ్యాముకి కింద మొట్టమొదటి ఊరు దోనెవలస. ఆ ఊళ్ళో పారమ్మకి ఎకరన్నర పల్లపు మడి ఉంది. మొగుడు విశాఖపట్నంలో తాపీ పనికి వెళ్ళి నెలకోసారి వస్తాడు కాబట్టి వ్యవసాయమూ, నోరూ రెండూ ఆవిడవే. డ్యాము నుంచి ఏట్లోకి వదిలిన నీళ్ళు ఊరు దాటాక చిన్న ఆనకట్ట దగ్గర కాలవలోకి తిరిగి ఆవిడ మడికి వస్తాయి. ఆషాఢం వచ్చింది. పారమ్మ పోసిన నారు జానెడు లేచి, పచ్చగా, ఎప్పుడు పీకి నాటుతావా అన్నట్టుంది. నారుకి ఓ వయసుంటుంది. అది దాటితే ముదిరిపోతుంది. ముదిరిన నారు నాటితే గడ్డి పండుతుంది గాని గింజ పండదు. ఆ ఎకరన్నర గింజే ఏడాది పొడుగునా ఆ ఇంటి తిండి.

ఒక గురువారం నాడు ఊరందరినీ ఏటి ఒడ్డున నిలబెట్టారు. డ్యాము మీద సైరను మోగింది. రైసుమిల్లు కూతకి తమ్ముడిలా ఉంది. షామియానా కింద బల్ల వేసుకుని, ఈ ప్రాజెక్టుకి పెద్దయిన ఈఈ శేషావతారం గారు కూర్చున్నారు. ఆయన నిబంధనల మనిషి. "ధ్రువపడిన మీదట" అన్న మాటని వారం రోజులు ఆలోచించి, ఓట్లప్పుడు వేలికి పెట్టే సిరా తెప్పించారు. సైరను విన్నామన్న ప్రతి మనిషి చెవి తమ్మెకీ ఒక చుక్క.

"వినినారా?"

"ఇన్నాం బాబూ."

చుక్క. తరవాతివాళ్ళు. పిల్లలకి ఇదేదో బాగుందనిపించి రెండేసి చెవులు చూపించారు. పారమ్మ చుక్క పెట్టించుకుని, నాగలీ ఎడ్లూ మాట్లాడుకోవాలని ఇంటికి పరిగెత్తబోతుంటే, వరసలో ఆఖరి మనిషి దగ్గర పని ఆగిపోయింది. ఆ ఆఖరి మనిషి ఆవిడ అన్న గౌరునాయుడు.

గౌరునాయుడు డ్యాము కట్టే రోజుల్లో రాళ్ళు పేల్చే పనిలో ఉండి చెవులు రెండూ పోగొట్టుకున్నాడు. ఆకాశం ఉరిమినా ఆలి ఉరిమినా ఆయనకొకటే. నాలుగు గొర్రెలున్నాయి, అవి ఏట్లో ఇసుక పక్కన గడ్డి మేస్తుంటే ఈయన ఒడ్డున బండమీద కూర్చుని, అడ్డపొగ చుట్ట పీలుస్తూ, రోజంతా డ్యాము గేట్లవైపు చూస్తుంటాడు. గేటు కింద తెల్లగా నురగ కనపడిందంటే గొర్రెల్ని ఒడ్డుకి తోలేస్తాడు. అలా పాతికేళ్ళుగా ఒక్క గొర్రె కూడా కొట్టుకుపోలేదు.

"వినినారా?" అన్నారు ఈఈ గారు.

గౌరునాయుడు నవ్వి, చెవి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు. ఈఈ గారు సిరా సీసాకి మూత పెట్టేశారు.

"ఒక వ్యక్తి వినలేదు. విడుదల వాయిదా వేయడమైనది."

పారమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్ల ముందుకి వచ్చి నిలబడింది.

"బాబూ, మా అన్నకి సెవులు నేవు గాని కళ్ళున్నాయి. గేటెత్తితే మనందరికన్నా ముందు ఆడే సూత్తాడు. గట్టెక్కేత్తాడు."

"చూచుట అనునది ఈ ఉత్తర్వు పరిధిలోనికి రాదమ్మా. ఇందులో 'విని' అని యున్నది. వినకుండా గట్టెక్కినచో అది అనధికారికముగా గట్టెక్కుట అగును."

"పోనీ నీలొదిలిన్నాడు ఆడ్ని మా అత్తోరూరు అంపేత్తాను."

"ఊరిలో లేనివాడు సైరను వినుట ఎట్లు? అప్పుడును విననివాడే."

"నాను ఆడి సెయ్యట్టుకొని కొండెక్కించి కూకోబెడతాను బాబూ!"

"కొండమీద నుండి వినునా?"

పారమ్మకి ఒళ్ళు మండింది. "పోనీ సచ్చిపోయేడనుకోండి!" అంది.

ఈఈ గారు వెంటనే ఉత్తర్వు తిరగేశారు. ఆయన ముఖం విప్పారింది. "మృతులకు మినహాయింపు కలదు," అని, బల్లమీదికి వంగి, మర్యాదగా గొంతు తగ్గించి, "ఆ అవకాశమేమైన ఉన్నదా?" అని అడిగారు.

దగ్గర చెప్పు లేకపోయింది గాని, ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయి కోర్టులో ఇంకో కథ మొదలయ్యేది.

నాలుగు రోజులు గడిచాయి. ఊళ్ళో ఎవరు ఎదురుపడినా గౌరునాయుడి వంకే చూస్తున్నారు. ఒక మనిషి చెవిటితనం ఊరు మొత్తానికి తిండి లేకుండా చేస్తోందని కొందరు, ఇన్నాళ్ళూ వినపడీ వినపడనట్టు నటిస్తున్నాడని కొందరు. చెవిటివాడి ముందు ఎంత తిట్టినా ఫలితం లేదు గనక అందరూ వచ్చి పారమ్మని తిట్టారు. పారమ్మ అన్నని కూచోబెట్టుకుని సైగలతో పాఠం చెప్పింది: బల్ల దగ్గర ఆయన నోరు కదిపినప్పుడు నేను నిన్ను గిల్లుతాను, నువ్వు "ఇన్నాను బాబూ" అను. గౌరునాయుడు అబద్ధమాడనన్నాడు. పారమ్మ అతని చెయ్యి పట్టుకుని మడికి తీసుకుపోయింది. నారు కొసలు పసుపు తిరుగుతున్నాయి. ఆయన వంగి ఒక మొక్క పీకి, వేరు చూసి, చెల్లెలి ముఖం చూసి, సరేనన్నాడు.

మళ్ళీ గురువారం. మళ్ళీ ఒడ్డు, షామియానా, సిరా. సరిగ్గా పది గంటలకి సైరను మోగాలి. పది అయింది. ఊరంతా వరసలో ఉంది. సైరను దగ్గరుండే సిబ్బంది చెవుల్లో దూది పెట్టుకోవాలని అదే ఉత్తర్వులో ఇంకో షరతు ఉంది. ఆ షరతు మటుకు ఎన్నడూ లోటు లేకుండా అమలయ్యేది. ఈఈ గారి చెవుల్లోంచి దూది బయటికి మొలుచుకొచ్చి ఉంది. ఆయన గడియారం చూసుకుని, జనం తలలూపడం చూసి, చుక్కలు పెట్టడం మొదలెట్టారు. అందరూ విన్నామన్నారు. పారమ్మ విన్నానంది. గౌరునాయుడు గిల్లు పడగానే, "ఇన్నాను బాబూ! సెవులు గళ్ళు పడిపోయాయనుకోండి!" అన్నాడు. రెండో మాట ఆయన సొంతం.

ఈఈ గారు కళ్ళ నీళ్ళు పెట్టుకుని ఆయన చెవికి చుక్క పెట్టారు. నూటికి నూరు మంది. ఊరంతా ఈలలేసింది. అంతలో డ్యాము మీంచి సైరను ఆపరేటరు పరిగెత్తుకొచ్చి ఏదో అరిచాడు. ఈఈ గారు దూది తీశారు.

"సైరను మోగలేదు సార్! తెల్లారగట్ల నుంచి కరెంటు లేదు!"

ఒడ్డుమీది జనమంతా చెవుల చుక్కల మీద చేతులు కప్పుకున్నారు. గౌరునాయుడు ఒక్కడే అందరి ముఖాలూ చూసి, ఎందుకైనా మంచిదని, "ఇన్నాను బాబూ" అని ఇంకోసారి అన్నాడు.

సంగతి పైదాకా పోయింది. పైనుంచి గరుడాచలం గారు దిగారు. జలాశయ శ్రవణ భద్రతా సంఘమని ఒక కొత్త సంఘం పెట్టారట, దానికి ఆయన అధ్యక్షులు. వేసవిలో కూడా కోటు విప్పని మనిషి. ఊరిని చెట్టు నీడన కూర్చోబెట్టి తాను ఎండలో నిలబడి మాట్లాడారు.

"మోగిన సైరనును ఒకడు వినకపోవుట లోపము. మోగని సైరనును ఊరంతయు వినుట సంక్షోభము. ఇట్టి ఉదారమైన వినికిడిని మా సంఘము ఏ జలాశయము దగ్గరను చూచి యుండలేదు. మీరెట్లు వినినారు?"

పారమ్మ లేచింది. "నీలు కావాలి బాబూ. నీలొత్తాయంటే సైరనేటి, దేవుడు మాటాడేడన్నా ఇన్నామంతాం."

"ఈమె వాక్యము నమోదు చేయుడు," అన్నారు గరుడాచలం గారు. "ప్రజలలో సైరను పట్ల గౌరవము లేదు. గౌరవము లేనిచో వినికిడి యుండదు. సైరను చిన్నదగుటయే దీనికి మూలము."

చెవుల మీది చుక్కలు నిమ్మకాయతో తోమించారు. పాత సైరను పీకించారు. ఎక్కడో ఓడరేవులో తుప్పు పట్టి మూలన పడున్న ఓడ కూతని తెప్పించి, ఒడ్డుమీద, మూతి ఊరివైపు తిప్పి బిగించారు. గుమ్మడికాయ కొట్టి మీట నొక్కారు.

దోనెవలసలో సగం ఇళ్ళ పెంకులు జారాయి. గేదెలు మూడు పూటలు పాలు చేపలేదు. పొదిగే కోళ్ళు గుడ్లని వదిలి పొలిమేర దాటిపోయి, ఎంత బతిమాలినా తిరిగి రాలేదు. పారమ్మ చెవులు మూసుకుని కింద కూలబడి, లేచేసరికి తలలో జుంయ్‌మని ఒక రొద మొదలైంది. అది మర్నాటికీ తగ్గలేదు.

గౌరునాయుడు మాత్రం బండమీద కూర్చుని, ఒక్కసారి తలెత్తి, బండని చేత్తో తడిమి చూశాడు. ఈఈ గారు ఇది గమనించి గరుడాచలం గారి మోచెయ్యి పట్టుకున్నారు.

"సార్, స్పందించెను!"

"ఆసనమార్గమున విన్నాడు," అన్నారు గరుడాచలం గారు ఉద్వేగంతో. "ఇది తొలి మెట్టు. శబ్దము రెట్టింపు కావలెను."

అయితే ఆ వేళ చుక్కల దగ్గర ఒక చిన్న తకరారు వచ్చింది. గౌరునాయుడు కాక ఇంకో తొమ్మిదిమంది, అడిగినదానికి బదులు చెప్పకుండా నిలబడిపోయారు. సైరనుకి దగ్గర ఇళ్ళవాళ్ళు. ఈఈ గారు మూడుసార్లు అడిగారు. వాళ్ళు ఆయన నోటివైపు చూసి, ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని, ఏడవడం మొదలెట్టారు.

బుద్ధున్నవాడికి ఇక్కడ ఏదో తట్టాలి. సంఘానికి తట్టింది కూడా. విననివారి సంఖ్య ఒకటి నుంచి పదికి పెరిగింది గనక ముప్పు పదింతలైంది. కాబట్టి సైరను ఇంకా పెద్దది కావాలి. ఓడ కూత పక్కన ఇంకో రెండు కూతలు బిగించారు. వారానికోసారి చేసే పరీక్ష రోజుమార్చి రోజు చేశారు. ప్రతి పరీక్షకీ ఊరంతా హాజరు కావాలి. రానివాళ్ళు విననివాళ్ళ కిందే లెక్క.

పదిమంది నలభై అయ్యారు. నలభై పెరిగి సగం ఊరయింది. ఆఫీసు గోడమీద ఒక పెద్ద పటం కట్టి, విన్నవాళ్ళ గీత కిందికి పోతున్నకొద్దీ సైరను గీతని పైకి లాగారు. రెండు గీతలూ కలుసుకున్న రోజున చిన్న ఫలహారం జరిగింది. ఎవరూ ఎక్కడా నిద్రపోలేదు, తప్పు చెయ్యలేదు, లంచం పట్టలేదు. అందరూ చిత్తశుద్ధితో పనిచేశారు. అంతకన్నా భయంకరమైనది ఇంకోటి లేదని దోనెవలసకి తెలిసొచ్చింది.

పారమ్మ పరీక్ష పరీక్షకీ వెళ్ళింది. వెళ్ళకపోతే తనవల్ల నీళ్ళాగాయంటారు. జనం మాటలు ముందు దూరంగా జరిగాయి, తరవాత పొరుగింట్లోంచి వస్తున్నట్టు వినపడ్డాయి. ఎడమ చెవి ఒక ఆదివారం పోయింది. కుడి చెవిలో కాస్త మిగిలింది. ఆవిడకి చెవుల దిగులు లేదు. ఉన్న దిగులంతా నారుది. చెంబులతో, బిందెలతో నూతి నీళ్ళు మోసి పోసింది. నూతిలో నీళ్ళు అడుగంటితే బురదనీళ్ళు వడగట్టి పోసింది. నారు మోకాలెత్తు లేచి, కణుపు కట్టడానికి సిద్ధంగా ఉంది.

ఈలోగా శ్రావణం వచ్చింది. దోనెవలసలో చినుకు లేదు గాని పైన కొండల్లో కుండపోతగా కురిసింది. ఎలుగులేరు డ్యాము అంచుదాకా నిండి, గేట్ల పైనుంచి గాలికి నీళ్ళు తొణికిపడుతున్నాయి. పారమ్మ ఒక నారు కట్ట చంకలో పెట్టుకుని, మిగిలిన కుడి చెవిని ముందుకి తిప్పుకుని, ఆఫీసుకి వెళ్ళింది. ఈఈ గారు, గరుడాచలం గారు కిటికీలోంచి డ్యామునే చూస్తున్నారు.

"బాబూ, ఆకు ముదిరిపోతంది. అది పోనీ, డ్యాము తెగిపోతాదేమో సూడండి. ఒదిలేయండి బాబూ."

ఈఈ గారు ఆవిడ మాటని ఆసరా చేసుకుని నోరు పెగుల్చుకున్నారు. "సార్, ఈమె అన్నది కూడ... ఒకవేళ తెగినచో?"

"తెగుట వేరు, విడుచుట వేరు," అన్నారు గరుడాచలం గారు. "మన ఉత్తర్వు విడుదలకు సంబంధించినది. తెగుట అనునది జలము యొక్క స్వంత నిర్ణయము. దానికి మన అనుమతి అక్కరలేదు, మనకు బాధ్యతయు లేదు. తెగనిండు. కాని వినని వాడు ఒక్కడున్నను మీరు మాత్రము గేటు ముట్టరాదు."

"అలాగైతే తెగినాక మేం ఏటవుతాం?" అని అరిచింది పారమ్మ.

"అప్పుడు మీరు విపత్తు నిర్వహణ శాఖ పరిధిలోనికి వెళ్ళెదరు," అన్నారాయన ఊరడింపుగా. "వారు మంచివారు."

పారమ్మ నారు కట్ట బల్లమీద పడేసి వచ్చేసింది. ఆ సాయంత్రం పరీక్షకి మూడు కూతలూ కలిపి మోగించారు. ఆవిడ కుడి చెవి కూడా పోయింది.

ఆ పరీక్షలో విన్నామని ఒక్కళ్ళూ అనలేదు. బల్ల ముందు ఊరంతా నిలబడి ఈఈ గారి నోటివైపు చూసింది, అంతే. సిరా సీసా మూత తియ్యాల్సిన పనే పడలేదు. ఈఈ గారు కుర్చీలో చతికిలపడ్డారు. గరుడాచలం గారు మాత్రం లేచి నిలబడి, కోటు సర్దుకున్నారు.

"ఈ ఊరిలో వినగలవారు ఎందరు?"

"ఎవరును లేరు సార్."

"వినగలిగియు వినని వారు?"

"వారును లేరు సార్."

"శేషావతారం గారూ, మీకు అభినందనలు. వినగలవారిలో వినని వాడు ఒక్కడును లేడు. దేశములో మొట్టమొదటిసారిగా ఒక జలాశయము నూటికి నూరు పాళ్ళు సాధించినది!"

మర్నాడు రేషను దుకాణం గోడకి ఒక నోటీసు అంటించారు. ఉత్తర్వులో ప్రతి వ్యక్తి అనగా వినగల ప్రతి వ్యక్తి అని అర్థం చేసుకోవలెనట. పారమ్మ ఐదో తరగతిదాకా చదువుకుంది. కూడబలుక్కుని చదివింది. చదివి, ఆఫీసుకి నడిచి, ఈఈ గారిని గోడదాకా లాక్కొచ్చి, ఆ వాక్యం మీద వేలు పెట్టింది. ఈ మాట మొదటి గురువారమే అనుకుంటే మా అన్న ఒక్కడేగా లెక్కలోంచి బయటపడేది, మిగతా అందరి చెవులూ ఉండేవిగా అని ఆవిడ కళ్ళతోనే అడిగింది. ఆయన ఒక్క వేలు పైకెత్తి చూపించి, పెదవి విరిచారు. ఒక్కడి కోసం రూలు మారుస్తారా అని దాని భావం.

నీటి విడుదలకీ, పురస్కార సభకీ ఒకటే ముహూర్తం పెట్టారు. సభ ఎక్కడ అన్న చర్చ వచ్చింది. సైరను అన్నిటికన్నా బాగా వినిపించే చోటే అన్నిటికన్నా క్షేమమైన చోటని సంఘం వాళ్ళు ఎప్పుడో తేల్చి పెట్టుకున్నారు. అది డ్యాముకి ఎదురుగా, ఏటి నడిమధ్య, ఇసుకలో ఉంది. అక్కడే షామియానా వేశారు, వేదిక కట్టారు, కుర్చీలు వరసగా పేర్చారు. బయటూరి నుంచి వచ్చి షామియానా వేసే మేస్త్రీ, "బాబూ, గేటెత్తితే నీలు ఇక్కడికే కదా ఒత్తాయి?" అని అడిగాడు.

"సైరను మోగనిదే నీరు రాదు," అన్నారు ఈఈ గారు. "అది నిబంధన."

"మరి సైరను మోగిత్తారా?"

"వినువారు లేని ఊరిలో సైరను మోగించుట విద్యుత్తు దుర్వినియోగము."

మేస్త్రీ ఈ రెండు మాటల్నీ కలిపి చూసుకుని, సామానుకి అద్దె ముందే పుచ్చుకుని, ఒడ్డెక్కి నిలబడ్డాడు.

సభకి ఆఫీసులవాళ్ళంతా వచ్చి ముందు కుర్చీల్లో కూర్చున్నారు. దోనెవలస వచ్చింది గాని ఒడ్డుమీదే ఆగిపోయింది. ప్రజలందరూ కిందికి దిగివచ్చి కుర్చీలు అలంకరించవలసిందిగా మైకులో పావుగంటసేపు ప్రార్థించారు. ఒక్కడు కదల్లేదు. ఒక్కడికీ వినపడలేదు మరి. చెవులు పోయిన దగ్గర్నుంచి ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ గౌరునాయుడి అలవాటే వచ్చింది. ఒడ్డున బారులు తీరి కూర్చుని గేట్లవైపే కళ్ళు పెట్టుకున్నారు.

గరుడాచలం గారు వేదిక మీంచి పచ్చజెండా ఊపారు. గేటు లేచింది. గేటు కింద తెల్లగా నురగ కనపడింది. ఒడ్డుమీది జనమంతా ఒక్కసారి లేచి, చేతులూ తువ్వాళ్ళూ ఊపి, పైకి రండి పైకి రండి అని సైగలు చేశారు. ముందు వరసలో వాళ్ళు దాన్ని హర్షధ్వానమనుకుని తిరిగి చేతులూపారు.

"ఈనాడు ఈ జలాశయము," అని గరుడాచలం గారు ఎత్తుకున్నారు, "భద్రతకు పర్యాయపదము." నీళ్ళు బూట్లు తడిపాయి. ఆయన కిందికి చూశారు.

"సార్, నీరు," అన్నారు ఈఈ గారు.

"సైరను మోగినదా?"

"లేదు సార్."

"మరి నీరెట్లగును? ఊట అయి యుండవచ్చును." అని ప్రసంగం సాగించారు. ఊట మోకాళ్ళకి వచ్చింది. కుర్చీలు ఒకటొకటిగా సభ విడిచి వెళ్ళాయి. నడుముదాకా వచ్చేసరికి గుంజలు ఊడి షామియానా కూడా బయల్దేరింది. పురస్కారం చేత్తో పట్టుకుని గరుడాచలం గారు లౌడుస్పీకరు పెట్టె ఎక్కారు. ఎక్కి, ఆఖరికి, గుండెలు పగిలేలా, "సైరను ఎందుకు మోగలేదు?" అని అరిచారు. మైకు పనిచేస్తూనే ఉంది గనక ఆ అరుపు కొండల్లో మారుమోగింది. విన్నవాళ్ళంతా ఆయన పక్కనే నీళ్ళలో ఉన్నారు.

దోనెవలస మంచి ఊరు. షామియానా తాళ్ళు విసిరి, గొర్రెల్ని లాగినట్టు ఒక్కొక్కళ్ళనీ ఒడ్డుకి లాగారు. అందరూ దక్కారు. గౌరునాయుడు గరుడాచలం గారి కోటు విప్పి, పిండి, బండమీద ఆరేశాడు.

పారమ్మ ఇదంతా చూస్తూ నిలబడలేదు. నురగ కనపడ్డ క్షణమే గునపం భుజాన వేసుకుని ఒడ్డు వెంబడి పరిగెత్తింది. నీళ్ళు ఆవిడతోపాటే పరిగెత్తి, ఆనకట్ట దగ్గర కాలవలోకి తిరిగాయి. ఆవిడ మడి దగ్గరికి ముందుగా చేరి, గండి తీసి, కాళ్ళు మడిలోకి పెట్టి కట్టమీద చతికిలబడి, కాలవ మలుపువైపు చెవి ఒగ్గింది.

ఏటా అంతే. ముందు మలుపులో సన్నగా గలగల వస్తుంది, ఆ తరవాత ఎండిన ఆకుల్ని తోసుకుంటూ చప్పుడు దగ్గరవుతుంది, నీళ్ళు కనపడేది ఆ మీదట. ఆ చప్పుడు వినడానికే ఆవిడ ఏటా అందరికన్నా ముందొచ్చి కూర్చునేది. ఈ మడిలో దిగిన మొదటి ఏడు నుంచి ఆ అలవాటు. ఈసారి కూడా అలాగే తలవంచుకుని, ఊపిరి బిగబట్టి, రాబోయే చప్పుడు కోసం కాచుక్కూర్చుంది.

ఎంతసేపు కూర్చుందో తెలియదు. కాళ్ళు చల్లబడితే ఉలిక్కిపడి చూసుకుంది. నీళ్ళు ఎప్పుడో వచ్చేశాయి. పిక్కలదాకా ఉన్నాయి. మడి సగం నిండిపోయి, ముదిరిన నారు మొదళ్ళ చుట్టూ తిరుగుతున్నాయి. గండి దగ్గర నురగ కక్కుకుంటూ పడుతున్నాయి.

పారమ్మ గండి పక్కన మోకాళ్ళ మీద వంగి, పడుతున్న నీళ్ళకి చెవి ఆనించింది. చెంప తడిసింది. రెండో చెవి కూడా ఆనించి చూసింది. అప్పుడు ఏడుపొచ్చింది. గట్టిగానే ఏడ్చి ఉంటుంది, పక్క మళ్ళలో గునపాలతో నిలబడ్డవాళ్ళు చాలామందే ఉన్నారు, కాని ఎవరూ ఇటు తిరగలేదు.